వండిన చికెన్ ఫ్రీజర్‌లో పెడితే ముక్క ఎందుకు ఎండిపోతోంది?

ప్రశ్న:
ఇంట్లో ఇద్దరమూ ఉద్యోగస్థులం కావడంతో, సెలవు రోజున చికెన్ ఎక్కువగా వండి, పూటకు సరిపడా భాగాలు చేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటున్నాం. గ్రేవీతో ఉన్న కూర బాగానే ఉంటోంది. కానీ ఉడికించి నీరు వంచేసి డబ్బాలో పెట్టిన ముక్కలు వేడి చేసేసరికి పీచులా తయారై, పాత వాసన వేస్తున్నాయి, అంచులు తెల్లగా పాలిపోతున్నాయి. లోపం వండడంలో ఉందా, దాచడంలో ఉందా? ఎన్ని నెలల వరకు వాడుకోవచ్చు?

మొదటి సమాధానం:
లోపం దాచడంలోనే ఉందని నా అభిప్రాయం. డబ్బాలో మిగిలిన ఖాళీ వల్ల ముక్క పైభాగంలోని మంచు కరగకుండానే ఆవిరైపోతుంది. ఆ తెల్లబడిన భాగం తింటే ప్రమాదమేమీ లేదు, రుచి మాత్రం ఉండదు కనుక కోసి తీసేయండి. పాత వాసనకు కారణం వేరు: వండిన మాంసంలోని కొవ్వు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చెడుతుంది. మీ కూర బాగుండడానికి కారణం ముక్కను గ్రేవీ కప్పి ఉంచడమే. కాబట్టి ఉడికించిన నీటిని పారబోయకుండా, జిప్ కవరులో ముక్కల మీద రెండు గరిటెలు పోసి, గాలంతా బయటికి నొక్కేసి, వేలి మందాన పలచగా పరిచి గడ్డకట్టించండి. పలచటి పొట్లం త్వరగా గడ్డకడుతుంది. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి కండ పోగులను చీలుస్తాయి, కరిగినప్పుడు రసమంతా కారిపోయేది అందుకే. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర పొడి ముక్కలు సుమారు 4 నెలలు, గ్రేవీలో ఉన్నవి 6 నెలల దాకా రుచి నిలుపుకుంటాయి.

రెండో సమాధానం:
పై సలహాతో ఏకీభవిస్తూనే, అంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటి చెప్పాలి. పొయ్యి మీద నుంచి దించిన 2 గంటల లోపు, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంట లోపే, చికెన్ ఫ్రిజ్‌లోకో ఫ్రీజర్‌లోకో చేరాలి. పూర్తిగా చల్లారేదాకా గిన్నెను గట్టు మీదే ఉంచడం చాలా ఇళ్లలో చూస్తుంటాం, అది సరి కాదు. లోతైన గిన్నెలో నడిమి భాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. వంట వేడికి కూడా చావని క్లోస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా బీజాలు మొలకెత్తి పెరగడానికి ఆ వేడి చాలు. వెడల్పాటి పళ్లెంలో పరిచి, దాని అడుగున చల్లటి నీళ్లుంచితే త్వరగా చల్లారుతుంది. ఫ్రీజర్ సూక్ష్మజీవుల పెరుగుదలను ఆపుతుందే గానీ, అప్పటికే పెరిగిన వాటినన్నింటినీ చంపదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. కరిగించాక సగం మిగిలితే మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టవచ్చా? బంగాళాదుంప వేసిన కూరను కూడా ఇలాగే దాచవచ్చా?

మూడో సమాధానం:
రాత్రంతా ఫ్రిజ్‌లోనే కరిగించి ఉంటే మళ్లీ పెట్టవచ్చు, అయితే ముక్క మెత్తదనం ఇంకొంత తగ్గుతుంది. 3, 4 రోజుల్లో తినేయగలిగితే ఫ్రిజ్‌లోనే ఉంచడం మేలు. 2 గంటలకు మించి బయట ఉండిపోతే మాత్రం నిస్సంకోచంగా పారేయండి. వేడి చేసేటప్పుడు ముక్క మధ్యలో కూడా 74 డిగ్రీలు రావాలి, గ్రేవీ అయితే అంతటా తెర్లాలి. బంగాళాదుంప గడ్డకట్టి కరిగితే పిండిపిండిగా మారుతుంది, పెరుగు, మీగడ వేసిన గ్రేవీ విరిగినట్టవుతుంది. ఈ మూడింటినీ వేడి చేసే రోజునే విడిగా సిద్ధం చేసి కలుపుకోండి.