క్యాజువాల్టీలో రాతపనికి ఏఐ పనికొస్తుందా?

ప్రశ్న: జిల్లా ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేస్తుంటాను. మొన్న రాత్రి ఒంటిగంటకు 108లో పురుగుమందు తాగిన కుర్రాణ్ణి తెచ్చారు. విరుగుడు మందు అట్రోపిన్ పెట్టి, హమ్మయ్య అనుకునేసరికి కేస్ షీటు, ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు, అంటే పోలీసు కేసయ్యేవి) రిజిస్టరు, పోలీసులకు ఇంటిమేషన్, రిఫరల్ చీటీ, అన్నీ చేత్తోనే. పక్క మంచం మీది ముసలమ్మ "నాయనా, ఒక్కసారి చూడవా" అంటూనే ఉంది. తలెత్తలేకపోయాను. ఆ గొంతు ఇంకా వదల్లేదు. మన మాటలు విని నోట్సు రాసే ఏఐ ఎవరైనా వాడారా?

జవాబు 1: ఓపీలో వాడాను అన్నా. ఒక్కరే మాట్లాడితే తెలుగు కూడా బాగానే పట్టింది. బంధువులు నలుగురూ ఒకేసారి అందుకుంటే మాత్రం ఎవరి మాట ఎవరిదో కలిపేసింది.

జవాబు 2: జాగ్రత్త డాక్టరుగారూ. మాటలు విని రాతగా మార్చే ఓపెన్‌ఏఐ వారి విస్పర్ మీద 2024లో వచ్చిన అధ్యయనంలో, సుమారు 1 శాతం ఆడియో ముక్కల్లో ఎవరూ అనని మాటలు రాసిందని తేలింది. మాటల మధ్య నిశ్శబ్దం ఎక్కువైతే ఆ బెడద ఇంకా ఎక్కువ. అట్రోపిన్ మోతాదు అలా మారితే? ఎంఎల్‌సీ మాత్రం మీరే రాయండి, రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాల్సింది మీరే.

ప్రశ్న అడిగినవారు: సరే, రిఫరల్ చీటీలతో మొదలుపెడతాను, పేర్లు చెప్పకుండా. ముసలమ్మను తెల్లారాక చూశాను, బీపీ 210 ఉంది.