చీమకుర్తి–కృష్ణపట్నం గ్రానైట్ ట్రెయిలర్‌కు తేలికైన ఫిఫ్త్ వీల్ ఏది పెట్టాలి?

కందుకూరు_బండ్లు:
4×2 పుల్లర్ (ట్రెయిలర్‌ని లాగే ముందు బండి, రెండు యాక్సిళ్లలో వెనకదానికే డ్రైవ్), వెనక మూడు యాక్సిళ్ల ఫ్లాట్‌బెడ్. పాసింగ్ (లోడుతో కలిపి పర్మిషన్ ఉన్న మొత్తం బరువు) 45.5 టన్నులు. చీమకుర్తి క్వారీల నుంచి గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు కృష్ణపట్నం పోర్టుకు తోలాలి. ఇప్పుడున్నది స్లైడర్ (ముందుకీ వెనక్కీ జరిపే గాడుల ఫ్రేము) మీద కాస్టింగ్ ఫిఫ్త్ వీల్ (ట్రెయిలర్‌ని పుల్లరుకి తగిలించే ప్లేటు), కింద 12 ఎంఎం బేస్ ప్లేటు. కాటా మీద ముందు యాక్సిల్ 6.4, డ్రైవ్ యాక్సిల్ 11.75, ట్రెయిలర్ యాక్సిళ్లు మూడూ కలిపి 27 టన్నులు వస్తున్నాయి. టోటల్ లోపలే ఉంది, డ్రైవ్ యాక్సిల్ మాత్రం 11.5 టన్నుల లిమిట్ దాటింది. వీల్‌బేస్ 3,600 ఎంఎం, కింగ్ పిన్ (ఫిఫ్త్ వీల్‌లో కూర్చునే ట్రెయిలర్ అడుగు పిన్) పుల్లర్ వెనక యాక్సిల్ సెంటర్‌కి 500 ఎంఎం ముందుంది. తేలికైన ఫిఫ్త్ వీల్ మారిస్తే ఆ 250 కిలోలు తగ్గుద్దా? అల్యూమినియం, ప్రెస్డ్ స్టీలు, గ్రీజు అక్కర్లేని ప్యాడ్లది అని మూడు రకాలు చెప్తున్నారు. ఏది తీసుకోమంటారు?

ఆటోనగర్_ఫిట్టర్:
అన్నా, బరువు తగ్గించి ఆ 250 కిలోలు రాబట్టలేరు. ఫిఫ్త్ వీల్‌లో 100 కిలోలు తీసేశారనుకోండి, ఆ బరువు ఉన్న చోటుని బట్టి డ్రైవ్ యాక్సిల్ మీద తగ్గేది 86 కిలోలే. అదే కింగ్ పిన్‌ని 100 ఎంఎం ముందుకు జరిపితే ఎంత మారుద్దో చూడండి. పిన్ మీద పడే బరువు సుమారు 11.45 టన్నులు. దాన్ని 100తో గుణించి 3,600తో భాగిస్తే 318 కిలోలు. అంత బరువు వెనక నుంచి ముందు యాక్సిల్‌కి పోద్ది. డ్రైవ్ యాక్సిల్ 11.43కి దిగుద్ది, ముందుది 6.72కి ఎక్కుద్ది. ముందు యాక్సిల్‌కి 7 టన్నుల దాకా ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. అంతకు మించి 200 జరిపితే మాత్రం ముందు యాక్సిల్ దాటిపోద్ది.

మీకు స్లైడర్ ఎట్టాగూ ఉంది. కొత్తది కొనేముందు దాన్నే 100కి దగ్గరగా వచ్చే గాడికి జరిపి మళ్లీ కాటా పెట్టండి.

జరిపే ముందు క్యాబిన్ వెనక గ్యాప్ కొలవాలి. ట్రెయిలర్ వెడల్పు 2,500, కింగ్ పిన్ నుంచి ముందు అంచుకి 900 ఉంటే, పిన్ నుంచి మూలకి 1,540 వస్తది. మలుపులో ఆ మూల తిరిగే దారిలో క్యాబిన్, సైలెన్సరు, ఎయిర్ ట్యాంకు ఏదీ ఉండకూడదు. క్వారీ ర్యాంపు దిగేటప్పుడు ట్రెయిలర్ ముక్కు ముందుకు వంగుద్ది, దానికి ఇంకో 150 అయినా వదలండి. వెనక పుల్లర్ ఛాసిస్ చివర, మడ్‌గార్డులు ల్యాండింగ్ లెగ్గులకి (విప్పినప్పుడు ట్రెయిలర్‌ని నిలబెట్టే కాళ్లకి) తగులుతున్నాయేమో కూడా చూసుకోండి. ట్రెయిలర్ ముందుకొచ్చేకొద్దీ ఈ గ్యాప్ తగ్గుద్ది, చాలామంది ముందువైపే చూసి ఇది వదిలేస్తారు.

లోడ్_లెక్క:
ఏది కొన్నా దాని ప్లేటు మీద డి-వాల్యూ, యు అనే రెండు అంకెలు ఉంటాయి. ముందు అవి చూడండి, బరువు తర్వాత. డి అంటే లాగుడు తట్టుకునే శక్తి, యు అంటే నిలువు బరువు.

డి లెక్క: 9.81 × 0.6 × టి × ఆర్ ÷ (టి + ఆర్ − యు). టి అంటే పిన్ బరువుతో కలిపి పుల్లర్, లిమిట్ ప్రకారం మీకు 18.5 టన్నులు. ఆర్ అంటే లోడుతో ట్రెయిలర్, 38.5. యు 11.5. లెక్క కడితే 92 కిలోన్యూటన్లు వస్తది. 2 అంగుళాల కింగ్ పిన్ కాస్టింగుల్లో 150 దాకా రేటింగున్నవి, 20 టన్నులు మోసేవి దొరుకుతాయి కాబట్టి అంతకంటే చిన్నది కూడా కాగితం మీద మీకు చాలుద్ది. 6×4 పుల్లర్‌తో (వెనక రెండు డ్రైవ్ యాక్సిళ్లది) 55 టన్నులకి ఇదే లెక్క కడితే 138 దాకా వస్తది, పిన్ మీద 19 టన్నులు పడతాయి. రేపు బండి మార్చే ఆలోచన ఉంటే చిన్న రేటింగుది తీసుకోవద్దు.

ఇంకోటి, ఈ లెక్క తారు రోడ్డుకి. క్వారీలో ఒక చక్రం గుంతలో, ఇంకోటి రాయి మీద ఉన్నప్పుడు ట్రెయిలర్ మెలి తిరుగుద్ది. ఫిఫ్త్ వీల్ ముందుకీ వెనక్కీ బాగా ఊగుద్ది గానీ, పక్కకి వంగేది కొద్ది డిగ్రీలే. మిగతా మెలి అంతా బోల్టుల మీద, పెడస్టల్ (ఫిఫ్త్ వీల్‌ని మోసే కింది స్టాండు) మీద పడుద్ది. అందుకే క్వారీ దాకా పోయే బండికి అల్యూమినియం వద్దంటాను. ప్రెస్డ్ స్టీలుదైతే ఆఫ్‌రోడ్‌కి పనికొస్తదని తయారీదారు రాసిచ్చినదే తీసుకోండి. రాతపూర్వకంగా లేకపోతే కాస్టింగే నయం.

మూసునూరు_ట్రెయిలర్:
గ్రీజు అక్కర్లేని ప్యాడ్లది ఒకే పుల్లరుకి ఒకే ట్రెయిలర్ ఉండే వాళ్లకి బాగుంటది. పోర్టులో ట్రెయిలర్లు మార్చుకుంటా ఉంటే వద్దు. అవతలి ట్రెయిలర్ అడుగు ప్లేటు అంచులు పదునుగా, వెల్డింగు గడ్డలతో ఉంటే ప్యాడ్‌ని చెక్కేస్తది.

గ్రీజుదే పెట్టుకుంటే రాతిపొడి సంగతి చూసుకోవాలి. గ్రానైట్ పొడి గ్రీజులో కలిస్తే అరగదీసే పేస్టులా తయారవుద్ది. పాతది మీద కొత్త గ్రీజు పూయడం కాదు, ముందు పాతదంతా గీకి తీసేసి, తుడిచి, అప్పుడు లిథియం ఈపీ (ఎక్కువ ఒత్తిడికి తట్టుకునే) గ్రీజు పెట్టాలి.

కందుకూరు_బండ్లు:
అర్థమైందన్నా. స్లైడర్‌తోనే చోటు చూసి, తర్వాత దాన్ని తీసేసి ఫిక్స్‌డ్ కాస్టింగ్ పెడతా. బేస్ ప్లేటు 8 ఎంఎంకి దించొచ్చా?

ఆటోనగర్_ఫిట్టర్:
900 × 700 సైజులో 12 ఎంఎం ప్లేటు 59 కిలోలు, 8 ఎంఎం 40 కిలోలు. మిగిలేది 19 కిలోలే. సాదా 8 ఎంఎం ప్లేటైతే రెండు ఛాసిస్ పట్టాల మధ్య కుంగి, బోల్టులు వదులవుతాయి. మడతలు నొక్కి తయారుగా వచ్చే 8 ఎంఎం ప్లేటైతేనే పెట్టండి.

బోల్టులు తయారీదారు చెప్పిన గ్రేడువే, టార్కు కూడా వాళ్ల పుస్తకంలోదే. 8.8 గ్రేడు బోల్టుకి అంతకంటే గట్టి 10.9 గ్రేడు టార్కు పెడితే సాగిపోద్ది. ఛాసిస్‌కి పై, కింది పట్టీల్లో బెజ్జం వేయొద్దు, నిలువు గోడలోనే వేయాలి. కాస్టింగ్‌కి వెల్డింగ్ అసలు తగిలించొద్దు. తొలి 1,000 కిలోమీటర్లకి మళ్లీ టార్కు రెంచి పెట్టి చూడండి.

కొత్త ఫిఫ్త్ వీల్ ఎక్కించే రోజే కింగ్ పిన్ కూడా కొలిపించండి. కొత్తది 50.8 ఎంఎం. 49కి వచ్చిందంటే పిన్ మార్చాల్సిందే. అరిగిన పిన్‌తో కొత్త జాలు (పిన్‌ని పట్టుకునే దవడలు) కూడా బ్రేకు కొట్టినప్పుడల్లా టక్కుమంటా వదులైపోద్ది.