అప్‌డేట్: తోడేలు మనిషి వచ్చాడు, నలుగురూ బతికారు

పోయిన నెల ఇక్కడ అడిగాను కదా, రెండో లెవల్‌లో ఉన్న నలుగురు ఆటగాళ్ల పాత్రల మీదకి వేర్‌వుల్ఫ్‌ని, అంటే తోడేలు మనిషిని, వదలొచ్చా అని. ఆడేది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ పాత్రలుగా ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్; కథ నడిపేది నేను. వేర్‌వుల్ఫ్‌కి 58 హిట్ పాయింట్లు, అంటే ప్రాణం లెక్క. అది కూడా పెద్ద సమస్య కాదు. వెండి పూతో మంత్రబలమో లేని కత్తి దాన్ని గీకనైనా గీకలేదు, అదీ చిక్కు. పూతకి 100 బంగారు నాణేలు. మావాళ్ల దగ్గర అందరివీ కలిపితే 37.

మీరు చెప్పినట్టే గుడిలో ఒక వెండి బాకు ముందుగానే పెట్టాను. ఒక్కరూ దాని వంక చూడలేదు! నాకు ఒకటే టెన్షన్. ఫైటర్ (కత్తి యోధుడి పాత్ర) రెండుసార్లు గట్టిగా కొట్టాడు, "కత్తి దిగలేదు" అన్నాను. అందరూ సైలెంట్. విజార్డ్‌గా, అంటే మంత్రగత్తెగా, ఆడుతున్న మా మరదలు ఫైర్ బోల్ట్ అనే నిప్పు మంత్రం వేసింది. బొచ్చు కాలిన వాసన వస్తోందని చెప్పానో లేదో, "బావా, మంట పనిచేస్తోంది!" అని ఒక్క అరుపు. ఇక లాంతరు నూనె పోయడం, అంటించడం. సగం ప్రాణం పోగానే దాన్ని అడవిలోకి పరుగెత్తించాను. ఈ సలహా ఇచ్చినవాళ్లకి ప్రత్యేకంగా థాంక్స్.

కానీ పోతూ పోతూ ఫైటర్‌ని కొరికింది. తప్పించుకోవాలంటే పాచికతో 12 రావాలి, 9 వచ్చింది. వాడూ వేర్‌వుల్ఫ్ అయ్యే శాపం తగులుకుంది. శాపం తీసే రిమూవ్ కర్స్ మంత్రం కావాలంటే మా క్లెరిక్ (పూజారి పాత్ర) ఐదో లెవల్‌కి చేరాలి. ఆటలో పున్నమికి ఇంకా 11 రోజులే ఉంది.