మూడు నెలల పాపతో, కీమోలో ఉన్న స్నేహితురాలి దగ్గరికి వెళ్ళొచ్చా? అసలు తను రమ్మంటుందా?

తెనాలి_పొడుగు:

నమస్తే అండీ. రాత్రి పన్నెండు దాటింది, పాప ఇప్పుడే పడుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను. కాస్త ఎక్కువే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నాకు 35. పురిటికి తెనాలి వచ్చి పుట్టింట్లోనే ఉన్నాను. ఈ రోజుతో పాపకి 99 రోజులు. నా స్నేహితురాలిదీ నా వయసే. ఆరో తరగతిలో కలిశాం. నేను పొడుగు కాబట్టి చివరి బెంచీ, తను పొట్టి కాబట్టి మొదటి బెంచీ. వారం తిరక్కుండా సంచీ తీసుకుని వెనక్కి వచ్చి నా పక్కన కూర్చుంది. టీచర్ ఎన్నిసార్లు ముందుకి పంపినా మళ్ళీ వచ్చేసేది. అప్పటి నుంచీ తనకి నేను "పొడుగు"నే.

మా అమ్మ పల్లెటూరి బళ్ళో టీచరు. ఏడింటికే బస్సెక్కేది, నాకు జడలు వేసేవాళ్ళు లేరు. కాలవ గట్టు మీద వాళ్ళిల్లు. తను పై మెట్టు మీద కూర్చుని, నన్ను కింది మెట్టు మీద కూర్చోబెట్టుకుని రెండు జడలు వేసి రిబ్బన్లు మడిచి కట్టేది. చిక్కు తీసేటప్పుడు నొప్పెట్టకుండా వెంట్రుకల్ని కుదుళ్ళ దగ్గర పిడికిట్లో పట్టుకునేది. పదో తరగతి అయ్యేదాకా రోజూ ఇదే. నాన్న పోయినప్పుడు పెద్దకర్మ అయ్యేదాకా మా ఇంట్లోనే ఉంది. ఆ పన్నెండు రోజులూ నాకు అన్నం కలిపి పెట్టింది తనే.

తను హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగి. పెళ్ళై ఏడేళ్ళయినా పిల్లల్లేరు. రెండుసార్లు ఐవీఎఫ్ చేయించుకుంది, నిలవలేదు. నాకు నెల తప్పిందని తనకి ఐదో నెల దాకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పిన రోజు ఓ క్షణం ఏమీ అనలేదు, తర్వాత "ఏం తినాలనిపిస్తోందే?" అని అడిగింది. ఏడో నెలలో సీమంతానికి వచ్చి నా చేతులకి గాజులు తొడిగింది. అది జరిగిన రెండు వారాలకి స్నానం చేస్తుంటే రొమ్ములో గడ్డ చేతికి తగిలిందట. బయాప్సీ, స్కాన్లు అన్నీ అయ్యాయి. రెండో స్టేజి. ముందు కీమో, తర్వాత ఆపరేషన్ అన్నారు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

పాప బారసాలకి రాలేదు. "ఆఫీసులో ఆడిట్ ఉందే" అంది. వెండి పట్టీలు కొరియర్‌లో పంపింది. నాకు ఎంత కోపం వచ్చిందంటే, నాలుగు రోజులు మాట్లాడలేదు. నలభయ్యో రోజున వాళ్ళమ్మ పాపని చూడ్డానికొచ్చి, ఒళ్ళో పెట్టుకుని ఉన్నట్టుండి ఏడ్చేసింది. అప్పుడు తెలిసింది. పాప పుట్టిన పదో రోజున మొదటి కీమో. నేను బారసాలలో ఫొటోలు దిగుతూ "రాలేదు చూశావా" అని మా అక్కతో అంటున్న రోజుకి, తనకి ఆ ఎర్రగా ఉండే కీమో మందు ఎక్కించి పదకొండు రోజులు.

ఫోన్ చేసి నిలదీశాను. "పచ్చి బాలింతవి, పాలు ఎండిపోతాయని చెప్పలేదే" అంది. అప్పటి నుంచి రోజూ మాట్లాడుకున్నాం. అంతా బాగానే ఉంది, నేను నోరు జారేదాకా.

రెండు వారాల కింద వీడియో కాల్‌లో తలకి చున్నీ కట్టుకుని ఉంది. ఏదో ఒకటి అనాలని, తనకి తోడుగా ఉన్నట్టుంటుందని, "నాకూ దువ్వెన నిండా వస్తోందే, కాన్పయ్యాక జుట్టంతా ఊడిపోతోంది" అన్నాను. దువ్వెన తీసి చూపించాను కూడా. తను చూసి, "నీకు పిల్ల వచ్చింది కదే. నాకేం వచ్చింది?" అని కాల్ కట్ చేసింది. అప్పటి నుంచి ఎత్తడం లేదు. మెసేజ్‌లు చూస్తుంది, జవాబివ్వదు. వాళ్ళాయన మాత్రం "బానే ఉందండీ, కొంచెం టైం ఇవ్వండి" అంటాడు.

నాలుగు ఎర్రమందు డోసులు అయిపోయాయి. ఇప్పుడు వారం వారం ఇంకోటి ఎక్కిస్తున్నారు. నాకు వెళ్ళాలని ఉంది. అమ్మ "పసిగుడ్డుతో ఆసుపత్రి గాలి తగిలే చోటికి వద్దు" అంటుంది. పాపని వదిలి వెళ్దామంటే పాలు. తీసుకెళ్తే తనకి పాపని చూసి ఇంకా బాధేమో. వెళ్ళకపోతే ఇంక ఎప్పటికీ వెళ్ళనేమోనని భయం. కీమోలో ఉన్నవాళ్ళ దగ్గరికి పసిపిల్లని తీసుకెళ్ళొచ్చా? తను పిలవకుండా వెళ్ళొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

హన్మకొండ_అక్క:

చెల్లీ, నాకు ఇదే జబ్బు వచ్చి ఆరేళ్ళయింది. ఇప్పుడు బాగున్నాను. ముందు దువ్వెన సంగతి. నువ్వన్న మాటకి నీ మీద కోపం వచ్చి ఉండదు. నా విషయం చెప్తా. జుట్టు రాలడం మొదలైన రోజు పొద్దున దిండు మీద ఒక గుప్పెడు ఉంది. దాన్ని పేపర్లో చుట్టి పడేసి, వంట చేసి, పిల్లల్ని బడికి పంపిన. ఏడ్వలేదు. మధ్యాహ్నం మా ఆడపడుచు ఫోన్ చేసి "నాకు కూడా నలభై దాటాక బాగా రాలింది వదినా" అన్నది. ఫోన్ పెట్టేసి అప్పుడు ఏడ్చిన. ఆమె మంచిది. కానీ నాది నాకే ఉండనియ్యాలె కదా, ఆ ఒక్క రోజైనా.

"ఏం కావాలో చెప్పు, చేస్తా" అని మాత్రం రాయకు. దానికి జవాబు ఆలోచించే ఓపిక కూడా ఉండదు. మా పక్కింటామె అట్ల అడగలేదు. ప్రతి మంగళవారం పెరుగన్నం, దానిమ్మ గింజలు డబ్బాలో పెట్టి తలుపు గడియకు తగిలించి పోయేది. బెల్లు కూడా కొట్టకపోయేది. ఆ డబ్బా కోసం నేను ఎదురు చూసేదాన్ని. నోరు పూస్తది, స్టీలు చెంచా పెడితే ఇనుము నాకినట్టు ఉంటది, ప్లాస్టిక్ చెంచా పంపు. మీ దిక్కు గోంగూర, ఆవకాయ పంపుతరేమో, ఇప్పుడు వద్దు. రాగి జావ, మజ్జిగ మేలు.

పాప విషయం ఆమెనే అడుగు. మా చుట్టాలు నాకు బాధ అయితదని ఫంక్షన్లకు పిలుచుడే బంద్ చేసిన్రు. పిలిస్తే పోకపోదును, అది వేరే సంగతి.

వార్డు_సిస్టర్:

కీమో వార్డులో 9 ఏళ్ళుగా పని చేస్తున్నాను. ఆరోగ్యం వరకు నాకు తెలిసింది చెప్తాను. చివరి మాట మాత్రం ఆమె డాక్టర్‌దే.

క్యాన్సర్ అంటుకోదు. పాపని ఎత్తుకున్నా, ముద్దాడినా పాపకి జబ్బు రాదు. కీమో ఎక్కించాక రెండు రోజుల పాటు మందు మూత్రం, వాంతులు, చెమట ద్వారా కొంత బయటికి పోతుంది. ఆ రెండు రోజులూ ఆమె పాపకి దూరంగా ఉంటే మంచిది, ఆమె బట్టలు విడిగా ఉతకాలి.

అసలు జాగ్రత్త మీ పాప వల్ల ఆమెకి. 99 రోజులంటే 14 వారాల టీకాలు ఇప్పుడే పడి ఉంటాయి. పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు రెండూ బతికున్న, బలహీనపరిచిన వైరస్‌తో చేసినవి. కొన్నాళ్ళ పాటు అవి పాప మలంలో బయటికి వస్తాయి. మామూలు మనుషులకి ఏమీ కాదు. రోగనిరోధక శక్తి తగ్గి ఉన్నవాళ్ళు డైపర్ మార్చకూడదు. అందుకే "టీకా ఫలానా తేదీన వేశారు, పాపని చూడొచ్చా" అని డాక్టర్‌ని తేదీతో సహా అడగమనండి. టీకాలు మాత్రం ఆపకండి, ఇంట్లో ఎవరు ఏం చెప్పినా.

మీరు బారసాల లెక్క రాశారు కదా. ఆ మందు ఎక్కించాక 10 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. వందమంది వచ్చే ఫంక్షన్‌కి ఆ రోజు ఆమె రాకపోవడమే సరైనది. వారం వారం ఇచ్చే మందుకి సాధారణంగా అంతగా పడిపోవు. అయినా మీకు గానీ, ఇంట్లో ఎవరికి గానీ జలుబు, దగ్గు ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. ఆమెకి 100.4 జ్వరం వస్తే మాత్రం డోలో వేసుకుని పడుకోవడం కాదు, రాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాలి. వాళ్ళాయనకి ఇది తెలుసో లేదో కనుక్కోండి.

ఇంకో మాట. ఆమెకి పిల్లలు కావాలన్న ఆశ ఉందన్నారు. ఆమెది హార్మోన్ పాజిటివ్ రకమైతే, అంటే ఆడ హార్మోన్ల వల్ల పెరిగే గడ్డ అయితే, వాటిని అడ్డుకునే మాత్రలు కనీసం ఐదేళ్ళు వాడమంటారు. 2023లో పాజిటివ్ అనే పేరుతో ఒక అధ్యయనం వచ్చింది. అందులో కొందరు చిన్న వయసు మహిళలు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ దాకా మాత్రలు వాడి, డాక్టర్ల పర్యవేక్షణలో రెండేళ్ళ వరకు ఆపి పిల్లల్ని కన్నారు. వాళ్ళని గమనించిన ఆ కొద్ది కాలంలో జబ్బు తిరగబెట్టడం పెరగలేదు. ఇది మీరు ధైర్యం చెప్పడానికి వాడొద్దు. ఆమె అడిగితే "డాక్టర్‌ని ఈ విషయం అడుగు" అనండి, చాలు.

మొక్కల_మేడ:

నాకు క్యాన్సర్ కాదు, కానీ మూడు ఐవీఎఫ్‌లు పోయాయి. నా ప్రాణ స్నేహితురాలు కూడా కడుపు సంగతి నా దగ్గర దాచింది. వాట్సాప్ స్టేటస్‌లో తెలిసింది. ఆ బాధ పిల్లని చూసినప్పుడు కలగలేదు, నన్ను చెప్పకూడని మనిషిగా లెక్కేసినందుకు కలిగింది. మీరు ఐదు నెలలు దాచారు, ఆవిడా దాచింది. ఒకరి ఏడుపు ఒకరికి తెలియకుండా కాపాడుకుంటున్నామనుకున్నారు ఇద్దరూ. ముందు మీరు దాచినందుకు క్షమాపణ చెప్పండి. దువ్వెనకి కాదు.

రాజమండ్రి_పెద్దమ్మ:

అమ్మాయ్, అందరూ వెళ్ళమంటున్నారు, నేను ఆగమంటాను. కాన్పై మూడు నెలలే. నడుం గట్టిపడనీ. నువ్వు మంచాన పడితే ఆ పిల్లకి నువ్వు చేసే సాయమేముంది? అప్పటిదాకా రోజుకో వాయిస్ మెసేజ్ పంపు. మీ ఇద్దరి చిన్నప్పటి సంగతులు చెప్పు, జవాబు అడక్కు. ఇది పెద్దదాన్ని కాబట్టి చెప్తున్నాను, కోపం తెచ్చుకోకు తల్లీ.

తెనాలి_పొడుగు:

అందరికీ దండాలు. పెద్దమ్మా, కోపమెందుకండీ. మీరన్నట్టే మొదట వాయిస్ మెసేజ్ పంపాను. ఆరు రోజులైంది ఇది జరిగి.

మొక్కల మేడ గారూ, మీ మాట చదివాక రాత్రంతా నిద్ర పట్టలేదు. తనకి ఇలా చెప్పాను: "ఐదు నెలలు నీ దగ్గర దాచాను. నువ్వు తట్టుకోలేవని నేనే అనేసుకున్నాను. నిన్ను అడగాల్సింది. దువ్వెన చూపించి తప్పు చేశాను. జవాబు ఇవ్వక్కర్లేదు." వెనకాల పాప కాళ్ళు ఆడిస్తోంది, ఆ పట్టీల చప్పుడు కూడా పడిపోయింది. తర్వాత చూసుకుని గుండె దడదడలాడింది.

మర్నాడు సాయంత్రం జవాబొచ్చింది. "ఆ చప్పుడు పట్టీలదేనా? బారసాల ఫొటోల్లో కనపడలేదు, వెయ్యలేదనుకున్నా." బారసాల రోజు కోపంతో నేను తియ్యించేశానని చెప్పాను. అదీ దాచలేదు. చాలాసేపు టైప్ చేస్తున్నట్టు చూపించింది, తర్వాత ఫోనే చేసింది. గంటన్నర మాట్లాడుకున్నాం, మధ్యలో రెండుసార్లు పాలివ్వడానికి లేచాను, తను పెట్టెయ్యకుండా అలాగే ఉంది.

సిస్టర్ గారూ, టీకాల తేదీ చెప్పి అడిగించాను. పాప విషయంలో నాలుగు వారాలు ఆగమన్నారట వాళ్ళ డాక్టరు. నేను ఒక్కదాన్నీ వెళ్ళొచ్చట. జ్వరం నంబరు వాళ్ళాయనకి తెలుసు, ఫ్రిజ్ మీద రాసి అంటించాడు.

అందుకని గురువారం బయల్దేరుతున్నాను. అమ్మని ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. పాపతో పాటు అమ్మ కూడా దిల్‌సుఖ్‌నగర్‌లో పిన్ని వాళ్ళింట్లో ఉంటారు. తనుండేది మలక్‌పేట, మధ్య రెండు మెట్రో స్టేషన్లు. రెండు గంటలు కూర్చుని పాలవేళకి తిరిగొచ్చేస్తాను, మళ్ళీ వెళ్తాను. రాగి పిండి, ప్లాస్టిక్ చెంచాలు సంచీలో పెట్టాను. గోంగూర పెట్టలేదక్కా.

ఇంకేమైనా తేనా అని అడిగితే, దువ్వెన తెమ్మంది. వాళ్ళింట్లో దువ్వెనలన్నీ పారేసిందట. "మెట్ల మీద కూర్చుందువుగాని, జడ వేస్తా" అంది.

వద్దే, చెయ్యి పెడితే ఊడొస్తోంది అన్నాను.

"రానీ. కుదుళ్ళ దగ్గర పట్టుకుంటాలే" అంది.