అప్‌డేట్: ‘ఇన్ఫర్మేషన్స్’ గొడవ తీరింది

పోయిన వారం అడిగాను కదా, చీమకుర్తిలో గ్రానైట్ ఆఫీసులో పనిచేస్తున్నానని, విదేశీ బయ్యర్‌కి రాసిన మెయిల్‌లో ‘ఇన్ఫర్మేషన్స్’, ‘ఎక్విప్‌మెంట్స్’ అని పెడితే మేనేజర్ అందరి ముందూ నవ్వాడని, ఏ మాటకి చివర ‘ఎస్’ పెట్టకూడదో ఎలా తెలుస్తుందని. జవాబిచ్చిన వాళ్లందరికీ థాంక్స్.

ఒకరు చెప్పింది బాగా ఎక్కింది. మనకు పాలు, నీళ్లు ఎప్పుడూ బహువచనమే. ‘పాలు పొంగాయి’ అంటాం, ‘పొంగింది’ అనం. ఇంగ్లీషులో మాత్రం ‘మిల్క్ ఈజ్’. అంటే మన లెక్క అక్కడ చెల్లదు.

‘ఎస్’ పెట్టొచ్చో లేదో తేలాలంటే ఆ మాటకి ముందు ‘టూ’ పెట్టి చూడమన్నారు. టూ స్లాబ్స్ సరే. టూ ఎక్విప్‌మెంట్స్ కుదరదు, టూ మెషీన్స్ అనాలి. (ఏది కుదరదో ముందే తెలిసుండాలి, అదొక తలనొప్పి.) అందుకే మానిటర్‌కి చీటీ అంటించా: ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్, మెషినరీ, ఫర్నిచర్, అడ్వైస్, లగేజ్. వీటికి ‘ఎస్’ వద్దు.

నిన్న ‘గ్రానైట్స్’ దగ్గర ఆగిపోయా. రాయి అనే అర్థంలో ఎస్ అక్కర్లేదు, రకరకాల గ్రానైట్లు అన్నప్పుడు పెట్టొచ్చు. మేం పంపేది బ్లాక్ గెలాక్సీ అనే రకం ఒక్కటే, అందుకే ఎస్ తీసేశా.

మెయిల్ చూసి మేనేజర్ ఏమీ అనలేదు. చివర్లో తనే ఒక లైను కలిపి పంపాడు. అందులో ‘ఆల్ అవర్ స్టాఫ్స్’ అని ఉంది. నేను నోరెత్తలేదు.