సెలవులకి మా ఇంటికొచ్చిన నక్కబావని ఎక్కడికి తీసుకెళ్ళాలి?

ప్రశ్న: వింటర్‌తూర్ నుంచి

అందరికీ నమస్కారం. మేము మార్చిలో హైదరాబాద్ నుంచి ఇక్కడికి, స్విట్జర్లాండ్‌కి వచ్చాం. మా పాపకి ఐదేళ్ళు, కిండర్‌గార్టెన్‌కి వెళ్తోంది. వాళ్ళ క్లాసులో ఒక నక్క బొమ్మ ఉంది. దాన్ని వారానికొకరు ఇంటికి తీసుకెళ్ళాలి. అది ఎక్కడికి వెళ్ళిందో, ఏం చేసిందో నోట్‌బుక్‌లో రాసి, ఫోటోలు అంటించి తిరిగి ఇవ్వాలి. వేసవి సెలవుల్లో మొదటి రెండు వారాలు అది మా ఇంట్లోనే ఉంటుంది. మా పాప దానికి నక్కబావ అని పేరు పెట్టేసింది, రాత్రిళ్ళు పక్కనే పడుకోబెట్టుకుంటోంది.

ఆ నోట్‌బుక్ తిరగేసినప్పటి నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. ఒక పేజీలో నక్క మాటర్‌హోర్న్ కొండ ముందు నిలబడింది, ఇంకో పేజీలో సరస్సులో పడవెక్కింది, మరో పేజీలో మంచులో ఆడుతోంది. మాకు కారు లేదు, జర్మన్ రాదు. రైల్లో మంచు కొండల మీదికి, యుంగ్‌ఫ్రౌయోహ్ వెళ్దామని చూస్తే ఇద్దరి టికెట్లకే నాలుగు వందల ఫ్రాంకులు దాటుతోంది. పాప పేజీ ఒక్కటే వెలవెలబోతుందేమో అనిపిస్తోంది. పిల్లలున్నవాళ్ళు ఎవరైనా దారి చూపించండి.

జవాబు: ఆడ్లిస్‌విల్ నుంచి

చెల్లీ, యుంగ్‌ఫ్రౌయోహ్ సంగతి ముందు పక్కన పెట్టు. అది 3,454 మీటర్ల ఎత్తు. చూడాల్సిన చోటే, కాదనను. కానీ ఐదేళ్ళ పిల్లకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా రైళ్ళలో కూర్చోవడం, పైన గాలి పల్చబడి తలనొప్పి, చలి. మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు వెళ్ళొచ్చులే.

నేను హోర్ట్‌లో, బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే చోట, పని చేస్తాను. ఇలాంటి బొమ్మలు, నోట్‌బుక్‌లు చాలా చూశాను. బొమ్మని తిరిగి తెచ్చిన రోజు పిల్లలందరూ చుట్టూ కూర్చుని ప్రశ్నలు వేస్తారు. నక్క ఏం తింది? ఎక్కడ పడుకుంది? భయపడిందా? తడిసిందా? ఎన్ని మీటర్లు ఎక్కింది అని ఒక్క పిల్లా అడగదు. పెద్ద మంచు కొండ ఎక్కి వచ్చిన ఒక బాబుకి "పైకి వెళ్ళాం, కిందికి వచ్చాం" అన్న తర్వాత చెప్పడానికి ఇంకేమీ దొరకలేదు. ఇంకో పాప, పల్లెలో ఒక మేక తన బొమ్మ తోకని నమిలిందని చెప్పింది. అంతే, ఆ తోకని అందరూ వరసగా పట్టుకుని చూశారు, వారమంతా అదే కథ. జర్మన్ సరిగ్గా రాని పిల్లకైతే ఇది ఇంకా ముఖ్యం. తన చేత్తో పట్టుకున్నదాని గురించి నాలుగు మాటలు ఎలాగైనా కూడబలుక్కుని చెప్పేస్తుంది. కాబట్టి పాప ముట్టుకోగలిగినవి, తన కాళ్ళతో నడిచి చేరగలిగినవి ఉన్న చోటికే నక్కబావని తీసుకెళ్ళు.

మొదటగా ఊట్లిబెర్గ్. జ్యూరిక్ హెచ్‌బీ, అంటే మెయిన్ స్టేషన్, నుంచి ఎస్10 లోకల్ రైలు ఎక్కితే ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో కొండ మీదికి వెళ్ళిపోతారు. అక్కడి నుంచి ఫెల్సెనెగ్ దాకా కొండ అంచు వెంబడే ఒక దారి ఉంది. దాన్ని గ్రహాల దారి అంటారు. సౌరకుటుంబాన్ని వంద కోట్ల వంతు చిన్నది చేసి ఆ దారి పొడవునా పెట్టారు. మన నడకలో ఒక మీటరు అంటే ఆకాశంలో పది లక్షల కిలోమీటర్లు. సూర్యుడు మీటరున్నర లోపు గోళం. అక్కడి నుంచి నూట యాభై మీటర్లు నడిస్తే భూమి, సెనగ గింజంత ఉంటుంది. ఆ సెనగ గింజ పక్కన నక్కబావని పెట్టి ఫోటో తియ్యి. మొదటి నాలుగు గ్రహాలు గబగబా వచ్చేస్తాయి, తర్వాత ఎంత నడిచినా ఏమీ రాదు. పిల్లలు "ఇంకెప్పుడు, ఇంకెప్పుడు" అని అడుగుతూనే నడిచేస్తారు. పెద్దవాళ్ళకి రెండు గంటల నడక, పాపతో మూడు అనుకో. ఫెల్సెనెగ్ నుంచి రోప్‌వేలో మా ఊరు ఆడ్లిస్‌విల్‌కి దిగి ఎస్4 ఎక్కెయ్యొచ్చు. రోప్‌వే కూడా జెడ్‌వీవీ (జ్యూరిక్ ప్రాంతపు రైళ్ళు, బస్సుల) టికెట్‌లోనే వస్తుంది, వేరే కొనక్కర్లేదు.

రెండోది అప్పెన్‌జెల్ వైపు, యాకోబ్స్‌బాద్ నుంచి గోంటెన్ మీదుగా వెళ్ళే చెప్పుల్లేని నడక. గోసావ్‌లో దిగి ఎర్ర చిన్న రైలు ఎక్కాలి. దాదాపు 5 కిలోమీటర్లు పచ్చిక మీద, బురదలో, చిన్న వాగులో వట్టి కాళ్ళతో నడవడమే. అక్కడి నల్ల బురద మోకాళ్ళ కింద దాకా వస్తుంది, చల్లగా, మెత్తగా ఉంటుంది. మన పిల్లలు ఇక్కడికొచ్చాక కాళ్ళకి షూ విప్పేదే అరుదు కదా. అలిసిపోతే మధ్యలో గోంటెన్ స్టేషన్ ఉంది, రైలెక్కి వచ్చెయ్యొచ్చు. ఒక తువ్వాలు, ఒక జత బట్టలు ఎక్కువ పెట్టుకో. నక్కబావని మాత్రం బురదకి దూరంగా బ్యాగులోంచి తల బయటికి పెట్టి కూర్చోబెట్టు. ఎందుకంటే ఆ బొమ్మ క్లాసుది. టీచర్‌ని అడగకుండా వాషింగ్ మెషిన్‌లో వెయ్యకూడదు.

నడిచే దారుల్లో పొయ్యిలు కట్టి ఉంటాయి, చాలా చోట్ల కట్టెలు కూడా పేర్చి పెడతారు, ఎవరైనా వాడుకోవచ్చు. ఇక్కడివాళ్ళు సెర్వెలా సాసేజ్‌లు కాల్చుకుంటారు. మనం మొక్కజొన్న పొత్తులు కాల్చుకుని ఉప్పూ కారం నిమ్మకాయ రుద్దుకుంటాం. పక్క పొయ్యి దగ్గరున్న కుటుంబం తప్పకుండా వచ్చి ఏంటని అడుగుతుంది, అలా పలకరింపులు మొదలవుతాయి. ఎండలు బాగా ముదిరితే అడవుల్లో మంట పెట్టొద్దని కాంటన్ (ఇక్కడి రాష్ట్రం) ఆర్డర్ వేస్తుంది. బయల్దేరే ముందు అది చూసుకోవాలి.

ఇక ఆవులు. గంటల మోత వినగానే పాప పరిగెత్తుతుంది, ఆపాలి. దూడలున్న మందలో తల్లి ఆవులు మీదికి వస్తాయి. దారి ఆ పచ్చిక లోంచే ఉంటే దూరంగా, నెమ్మదిగా దాటాలి, దూడని ముట్టుకోకూడదు, గేటు మళ్ళీ వేసెయ్యాలి. సన్నటి తీగ కంచెల్లో కరెంటు ఉంటుంది. మేకల్ని, కుందేళ్ళని ముట్టుకోనిచ్చే పల్లె ఇళ్ళు వేరే ఉన్నాయి, అక్కడ ఎంతసేపైనా ఆడుకోనివ్వు.

జవాబు: తూన్ నుంచి

అమ్మా, అక్కగారు చెప్పినదంతా నిజం. అయితే మా వైపు కొండలకీ ఒక్కసారి రావాలి, దానికి మంచు దాకా ఎక్కక్కర్లేదు. లౌటర్‌బ్రున్నెన్‌లో రైలు దిగగానే స్టౌబాహ్ జలపాతం కనిపిస్తుంది. దాదాపు 300 మీటర్ల ఎత్తు నుంచి పడుతుంది, గాలి వీస్తే నీళ్ళు కింద పడకముందే తుంపరైపోతాయి. చూడ్డానికి టికెట్ లేదు. అదే లోయలో కొండ కడుపులోంచి పడే ట్రూమెల్‌బాహ్ జలపాతాలున్నాయి, వాటికి టికెట్ ఉంది. అక్కడ నాలుగేళ్ళ లోపు పిల్లల్ని రానివ్వరు, మీ పాప వెళ్ళొచ్చు. లోపల హోరుకి మాట వినపడదు, మెట్లు తడిగా ఉంటాయి, చెయ్యి వదలకండి.

నేను అసలు చెప్పాలనుకున్నది బ్రియెంజ్ గురించి. తూన్ సరస్సు అవతల ఇంకో సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. రెండు వందల ఏళ్ళుగా కొయ్య చెక్కడమే ఆ ఊరి పేరు. 1816లో వేసవే రాకుండా పోయి, పంటలు పోయి కరువొచ్చినప్పుడు క్రిస్టియన్ ఫిషర్ అనే, లేత్ మీద కర్ర తిప్పి చెక్కే పనివాడు చెక్కిన సామాను యాత్రికులకి అమ్మడం మొదలుపెట్టాడు. ఊరంతా ఆ పని నేర్చుకుంది. 1884 నుంచి అక్కడ చెక్కడం నేర్పే బడి ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. పక్కనే హోఫ్‌ష్టెట్టెన్‌లో పిల్లలు ఆడుకునే చెక్క ఆవులు చేస్తారు.

మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో ఉండగా ఇలాగే ఒక ఎలుగుబంటి బొమ్మ మా ఇంటికి వచ్చింది. బ్రియెంజ్ వెళ్ళినప్పుడు దానికి తోడుగా మా అమ్మ పంపిన ఏటికొప్పాక లక్క బొమ్మని కూడా బ్యాగులో పెట్టుకుంది. ఒక దుకాణంలో చెక్కుతూ కూర్చున్న పెద్దాయన ఆ బొమ్మని తీసుకుని వేలితో గుండ్రంగా తడిమి, వాసన చూసి, ఇదేం కర్ర అని అడిగారు. అంకుడు కర్ర అని చెప్పాను. తిరుగుతున్న కర్రకి లక్కని ఆనిస్తే ఆ వేడికే రంగు పట్టుకుంటుందని చెబితే, పని ఆపి మరీ విన్నారు. మా అమ్మాయి నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీకి రెండు బొమ్మలు గీసింది: ఒక ఎలుగుబంటి, ఒక లక్క బొమ్మ. టీచర్ ఆ లక్క బొమ్మని క్లాసుకి తెమ్మన్నారు.

మీ ఇంట్లో కొండపల్లిదో ఏటికొప్పాకదో ఒకటి ఉండే ఉంటుంది. నక్కబావకి జోడీగా తీసుకెళ్ళండి. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో ముక్కలు అతికి చేసింది, వానలో తడవనివ్వద్దు. లక్క బొమ్మని పొయ్యి దగ్గర పెట్టొద్దు, సెగకి పూత మెత్తబడుతుంది.

బ్రియెంజ్ దాకా వచ్చాక ఒక పూట బాలెన్‌బెర్గ్‌కి ఇవ్వండి. దేశం నలుమూలల నుంచి పాత పల్లె ఇళ్ళని విప్పి తెచ్చి, వందకు పైగా, మళ్ళీ అక్కడ నిలబెట్టారు. కోళ్ళు, పందులు, మేకలు తిరుగుతుంటాయి. రొట్టెలు కాల్చడం, బుట్టలల్లడం కళ్ళముందే చేసి చూపిస్తారు. చలికాలంలో మూసేస్తారు. రోట్‌హోర్న్ కొండ మీదికి 1892లో మొదలైన ఆవిరి రైలు కూడా బ్రియెంజ్ నుంచే, కానీ ఒకే రోజులో రెండూ పెట్టుకుంటే పాప అలిసిపోతుంది.

ప్రశ్న: వింటర్‌తూర్ నుంచి

అక్కా, అన్నయ్యగారూ, చాలా థాంక్స్. ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది. ఏటికొప్పాక బొమ్మ ఉంది, మా అత్తయ్యగారు పెళ్ళికి ఇచ్చింది. ఇంకో మూడు సందేహాలు: టికెట్లు ఎలా తీసుకోవాలి? వాన వస్తే? అన్నిటికంటే భయం, నక్కబావని ఎక్కడైనా మరిచిపోతే?

జవాబు: ఆడ్లిస్‌విల్ నుంచి

పాపకి ఆరేళ్ళు వచ్చేదాకా మీతోపాటు రైళ్ళలో టికెట్ అక్కర్లేదు. ఆరు నిండాక 30 ఫ్రాంకుల జూనియర్ కార్డు తీసుకుంటే ఏడాదంతా మీతో ఉచితంగా తిరగొచ్చు. మీరిద్దరూ మాత్రం హాఫ్ ఫేర్ కార్డు తీసుకోండి. వేసవిలో నాలుగైదు దూర ప్రయాణాలు చేస్తే డబ్బులు తిరిగొచ్చేస్తాయి. దూరం వెళ్ళే రోజుకి డే పాస్ ముందుగా కొంటే చవక, చాలా గెమైండె (మున్సిపల్) ఆఫీసుల్లో కూడా దొరుకుతాయి. పెద్ద డబుల్ డెకర్ ఇంటర్‌సిటీల్లో కొన్నిటికి ఫ్యామిలీ కోచ్ ఉంటుంది, పై అంతస్తులో పిల్లలు జారే బల్లతో సహా ఆడుకునే చోటు. ఎస్‌బీబీ (స్విస్ రైల్వే) యాప్‌లో ఏ కోచో కనిపిస్తుంది.

వాన సంగతికొస్తే, ఇక్కడ వేసవిలో పొద్దున ఆకాశం కడిగినట్టుండి మధ్యాహ్నం రెండు దాటాక ఉరుములు మొదలవుతాయి. మెటియోస్విస్ వాతావరణ యాప్ చూసి పొద్దున్నే బయల్దేరి, మబ్బులు కమ్మకముందే దిగిపోవాలి. కింద ముప్పై డిగ్రీలున్నా పైన చలేస్తుంది, స్వెటర్ తప్పదు. దారిలో పసుపు బోర్డులు చూసి నడవండి. తెలుపు-ఎరుపు-తెలుపు గీతలున్న దారి కొండ నడక, గట్టి బూట్లు కావాలి. తెలుపు-నీలం-తెలుపు కనిపిస్తే పాపతో అటు వెళ్ళొద్దు. బోర్డు మీద రాసిన సమయంలో ఆగడాలు లెక్కలో ఉండవు. ఏదైనా జరిగితే కొండల్లో హెలికాప్టర్ రక్షణకి 1414, ఫోన్‌లో సేవ్ చేసుకో. ఊళ్ళల్లో కొళాయి తొట్ల నీళ్ళు తాగొచ్చు, "కైన్ ట్రింక్‌వాసర్" (తాగే నీళ్ళు కావు) అని రాసి ఉంటే మాత్రం వద్దు. ఆదివారం షాపులు మూసేస్తారు, పులిహోర, పెరుగన్నం ఇంటి నుంచే కట్టుకెళ్ళు.

గడ్డిలో కూర్చుని వచ్చాక పాప మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టు మొదట్లో పిడుదులున్నాయేమో రాత్రి తప్పకుండా వెతుకు. నక్కబావ బొచ్చు కూడా దులిపి చూడు, అందులో కూడా పట్టుకుని వస్తాయి. పట్టుకుంటే చిమటాతో చర్మం దగ్గరగా పట్టి తిన్నగా లాగెయ్యాలి. వాటివల్ల వచ్చే మెదడు వాపుకి టీకా ఒకటుంది, పిల్లల డాక్టర్‌ని ఇప్పుడే అడుగు.

నక్కబావ మెడకి ఈరోజే ఒక గుడ్డ చీటీ కుట్టు. కిండర్‌గార్టెన్ పేరు, నీ ఫోన్ నంబరు చాలు. రైల్లో మరిచిపోతే ఎస్‌బీబీ సైట్‌లో పోయిన వస్తువుల ఫారం నింపాలి, ఏ రైలు, ఎన్ని గంటలకి అన్నది గుర్తుండాలి. పసుపు పోస్ట్ బస్సులు, కొండ రైళ్ళు వేరే సంస్థలవి, వాళ్ళకి విడిగా చెప్పాలేమో కనుక్కో. దిగేముందు సీటు చూసే పని పాపకే అప్పగించు, మనకంటే బాగా చేస్తారు.

నోట్‌బుక్‌లో నువ్వు పెద్ద వ్యాసం రాయకు. పాప గీసిన బొమ్మ, తను చెప్పినట్టే రెండు వాక్యాలు జర్మన్‌లో, కింద ఒక వాక్యం తెలుగులో. వేరే పిల్లల మొహాలు కనిపించే ఫోటోలు అంటించొద్దు, ఇక్కడ తల్లిదండ్రులు ఒప్పుకోరు.

వచ్చే శనివారం నేనూ మా చిన్నవాడూ గ్రహాల దారికి వెళ్తున్నాం. మీరూ రండి. పొద్దున తొమ్మిదింటికి జ్యూరిక్ హెచ్‌బీలో ఎస్10 ఆగే చోట, కింద 21-22 ప్లాట్‌ఫామ్ దగ్గర ఉంటాను. పెరుగన్నం నేను తెస్తా, పొత్తులు నువ్వు తీసుకురా.