ప్రమోషన్ వచ్చిన ప్రతిసారీ అదే భయం, మీలో ఎవరికైనా ఉందా?

జడ్పీ హైస్కూల్ బ్యాచ్
పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పదకొండేళ్లయింది. పోయిన నెల టీమ్ లీడ్‌ని చేశారు. ఇంట్లో అందరూ సంబరపడ్డారు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "ఈసారి దొరికిపోతాను, నాకేమీ రాదని అందరికీ తెలిసిపోతుంది" అన్న మాటే మనసులో తిరుగుతోంది. మొదటి ఉద్యోగంలో చేరినప్పుడూ ఇదే, సీనియర్ అయినప్పుడూ ఇదే. మధ్యలో రెండు మూడేళ్లు లేదు, పోయిందనే అనుకున్నాను. క్లయింట్ కాల్‌లో చెప్పాల్సిన మాట చీటీ మీద రాసుకుని, లోపల రెండుసార్లు చదువుకుని, అప్పుడు మ్యూట్ తీస్తాను. ఈలోగా అదే మాట ఇంకెవరో చెప్పేస్తారు. ఇలా మళ్లీ మళ్లీ ఈ భయం వచ్చేవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పండి.

పీహెచ్‌సీ డాక్టర్
అక్కా, నేను ఎంబీబీఎస్ పూర్తిచేసి నాలుగేళ్లు. పోస్టింగ్ కొత్తలో ఒక రాత్రి పాము కరిచిన కూలీని ఆటోలో తెచ్చారు. డాక్టర్ని నేనొక్కదాన్నే. రెండు మిల్లీలీటర్ల రక్తం పొడి గాజు ట్యూబులో తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచాను. వంచి చూస్తే గడ్డకట్టలేదు, నీళ్లలా జారింది, అంటే విషం రక్తంలోకి ఎక్కినట్టే. వెంటనే 10 వయల్స్ యాంటీ వెనమ్ ఎక్కించాం. ఆరు గంటలయ్యాక మళ్లీ చూస్తే గడ్డకట్టింది. తెల్లారి అందరూ మెచ్చుకుంటుంటే "ఆయన అదృష్టం, టైముకి తెచ్చారు" అన్నాను. సిస్టర్ నన్ను పక్కకి పిలిచి, "తెచ్చింది వాళ్లే. ట్యూబు వంచి చూసిందెవరమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్న ఇప్పటికీ చెవిలో ఉంది. అప్పటి నుంచి డ్యూటీ దిగాక చిన్న పుస్తకంలో రాస్తాను: ఏం చూశాను, ఏం నిర్ణయించాను, ఏమైంది. తప్పు జరిగితే అదీ రాస్తాను. అంతకుముందు మెచ్చుకోళ్లు రాసుకునేదాన్ని, ఒక్కటీ నమ్మబుద్ధి కాలేదు.

లెక్కల టీచర్
నాది డీఎస్సీ ఉద్యోగం. తొమ్మిదో తరగతి పిల్లాడు అడిగిన లెక్కకి "రేపు చూసి చెప్తాను" అని మొదటిసారి అన్న రోజు కాళ్లు వణికాయి. మర్నాడు చెప్పాను. ఆ తర్వాతే పిల్లలు నన్ను ఎక్కువగా అడగడం మొదలుపెట్టారు.

కౌన్సెలింగ్ పనిలో ఉన్నాను
మీరు చెప్పిన ఈ భయానికి, అంటే అర్హత లేకున్నా మోసంతో నెట్టుకొస్తున్నామన్న భావనకి, ఇంపోస్టర్ అన్న పేరు 1978లో పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తల వ్యాసంతో వచ్చింది. బాగా చదువుకుని పైకొచ్చిన 150 మందికి పైగా మహిళలను చూసిన అనుభవంతో రాశారు. ఇది జబ్బుల జాబితాలో లేదు. మళ్లీ మళ్లీ ఎందుకొస్తుందంటే, కొత్త పని రాగానే కంగారులో అవసరానికి మించి కష్టపడతాం, లేదా ఆఖరి నిమిషం దాకా వాయిదా వేస్తాం. పని బాగానే అవుతుంది. కష్టపడి ఉంటే "అంత చాకిరీ చేస్తే ఎవరికైనా అవుతుంది" అంటాం, వాయిదా వేసి ఉంటే "అదృష్టం" అంటాం. ఎటు చూసినా మన తెలివి లెక్కలోకి రాదు, తర్వాతి పనికి మళ్లీ మొదటికే. మీ నిద్రలేమి వారాల తరబడి సాగితే మాత్రం టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

డాలస్ నుంచి
అంతా మన మనసులోనే ఉందంటే నేను ఒప్పుకోనండి. నా పాత టీమ్‌లో ఒకాయన నేను నోరు తెరిస్తే చాలు, అందరి ముందూ ఉచ్చారణ దిద్దేవాడు. రెండేళ్లు నాకేమీ రాదనే అనుకున్నాను. టీమ్ మారాను. అదే నేను, అదే ఇంగ్లీషు, భయం సగానికి సగం తగ్గింది. ఎవరి ముందు మీకు మాట పెగలడం లేదో ఒకసారి గమనించండి.

జడ్పీ హైస్కూల్ బ్యాచ్
గమనించానండి. ఒక్క మేనేజర్ ఉన్న కాల్స్‌లోనే చీటీ రాస్తున్నాను. నిన్న ఆయన ఉండగానే చీటీ లేకుండా మ్యూట్ తీసి, "ఈ తేదీకి అవదు, టెస్టింగ్‌కి ఇంకో నాలుగు రోజులు కావాలి" అన్నాను. ఒక మాట తడబడింది. నాలుగు రోజులూ ఇచ్చారు. డాక్టరమ్మా, పుస్తకం కొన్నాను, మొదటి పేజీలో అదే రాశాను. సోమవారం ఇంకో కాల్ ఉంది, ఇప్పటికే కడుపులో తిప్పుతోంది.